హంతకుడు మా గేట్‌కీపరే

పేరులోనే హంతకుణ్ని చెప్పేసినానని తిట్టుకోవద్దండప్పా. నాకది అలవాటైపోయింది. ఒక సినిమా సస్పెన్సునంతా మా టాకీసు ముందర పన్నెండడుగుల ఫ్లెక్సీ మీద, ఫొటోతో సహా వేయించిన మేనేజర్ని నేను. ముప్పై ఏండ్లు ఒకే హాల్లో పనిచేసి రెండేండ్ల కిందట రిటైరైనాను. ఇప్పుడు మీ వయసు పిల్లోళ్ళు ఇంటర్వెల్లు కాకముందే ఫోన్లో రివ్యూ పెట్టేస్తాండారు. హంతకుడి పేరు బయట పెట్టినాడని ఒకరి మీద ఒకరు ఎగురుతాండారు. అది చూసినప్పుడల్లా నాకు నవ్వొస్తాది, మల్ల కొంచెం సేపటికి ఆ నవ్వు పోతాది. ఎందుకు పోతాదో చెప్తా, వినండి.

హాలు పేరు, ఊరి పేరు, మనుషుల పేర్లు అడగొద్దు. అందురూ బతికే ఉండారు, నేనింకా ఆ బజార్లోనే టీ తాగాల. కల్యాణదుర్గం దిక్కున ఒక చిన్న టౌను అనుకోండి. ఒకే తెర. నేల టికెట్టు పోయి కుర్చీలొచ్చినాయి, ఏసీ ఉండాదని బోర్డు మీద రాసుండాది. కంబదూరు బస్సు మా ముందరే ఆగుతాది. వాన పడితే జనం శెనక్కాయ విత్తేదానికి పోతారు, పడకపోతే సినిమాకొస్తారు. ఆ మాదిరి చూస్తే మా హాలు వందేండ్లు నిండుగా ఆడాల. ఆడకపోయేదానికి కారణమేమంటే, వాన పడనోళ్ళ జేబులో టికెట్టుకు దుడ్లుండవు.

మా గేట్‌కీపరు విడపనకల్లు అవతల, కర్ణాటక పొలిమేర కాడి పల్లె మనిషి, జిల్లా మాత్రం మాదే. మా టౌను పిల్లను చేసుకోని ఈడనే ఉండిపోయినాడు. ఇరవై ఏండ్లు మా గేటు కాడ టికెట్లు చించినాడు. నాటకాల పిచ్చి. జాతరలో నాటకముందంటే సెలవు చీటీ గూడా రాయకుండా మాయమైపోయేటోడు. మనిషి సన్నం, గొంతు మాత్రం బండ గొంతు. 'టికెట్టు చేతిలో పట్టుకోని రావాల' అని కింద అరిస్తే పైన రూములో మా ఆపరేటరు చేతిలో టీ ఒలికేది. గొంతు తగ్గించుకోమని నోటిమాటగా నూరుసార్లు, కాగితం మీద మూడుసార్లు చెప్పినాను. మూడు కాగితాల మీదా సంతకం పెట్టి, అదే గొంతుతో 'సరేన్నా' అన్నాడు.

ఒక ఏడు కంబదూరు దిక్కున ఒక పాత బంగళాలో సినిమా షూటింగు పడింది. తీసిన ముక్కలు పెద్ద తెర మీద చూసుకోవాలని, పొద్దున పూట మా హాలు అడిగినారు. మొదటి దినమే మావాడు డైరెక్టరుగారిని గేటు కాడ ఆపేసినాడు.

'నేను డైరెక్టర్నండీ' అన్నాడాయన. కోస్తా మనిషి, మెత్తటి మనిషి.

'ఉండొచ్చు సార్. చీటీ యాడ?'

'ఏం చీటీ అండీ?'

'మా మేనేజరన్న సంతకం చేసిన చీటీ. సినిమా మీదైనా గేటు నాది.'

నేను ఆఫీసులోనుంచి చెప్పుల్లేకుండా పరిగెత్తిపోయి చూస్తే, డైరెక్టరుకు కోపమే లేదు. కండ్లు మూసుకోని నిలబడినాడు. 'ఇంకోసారి అనండి ఆ మాట' అంటాండాడు. మూడో దినానికి మా గేట్‌కీపరు ముఖానికి రంగు పూసుకున్నాడు. 'ఈ గొంతు నాకు కావాలండీ, పది రోజులు అప్పివ్వండి' అని డైరెక్టరు నన్నడిగితే, పది దినాలేమి సార్, ఏకంగా తీసుకోనే పోండి, మా చెవులు బాగుపడతాయి అన్నాను.

ఆ సినిమా ఒక పాత డిటెక్టివ్ నవల నుంచి తీసింది. మా తరమోళ్ళందురూ చదివిన నవల. అద్దె పుస్తకాల అంగట్లో దానికి అట్ట ఉండేది కాదు, మూలలు చెమటకు నల్లబడి ఉండేవి. గోదారి వరదలో చిక్కుకున్న బంగళా, లోపల ఏడుగురు, జమీందారు హత్య. చిన్నప్పుడు ఇల్లు వదిలిపోయిన జమీందారు అన్న కొడుకును నేనే అని చెప్పుకోని వచ్చినోడు హంతకుడు. వాడు నిజంగా ఆ ఊరోడు కాదు. భోజనాల కాడ ఒక చేపను ఆ ఊరోళ్ళు పిలిచే పేరుతో కాకుండా ఇంకో పేరుతో పిలుస్తాడు. ఆ ఒక్క మాట పట్టుకోని డిటెక్టివు గుట్టంతా బయటికి లాగుతాడు. చదివేటప్పుడు మా ఒళ్ళు జలదరించింది.

ఆ కథను డైరెక్టరు మా అనంతపురానికి తెచ్చినాడు. తెచ్చినాడు సరే, వరద యాడ తెస్తాడు? ట్యాంకర్లు పెట్టించి మూడు దినాలు వాన కురిపించినాడు. చుట్టుపక్కల ఆడోళ్ళు షూటింగు చూసే వంకన బిందెలు పట్టుకోని పోయినారు. హీరోయిన్ తడిసే షాటు మూడుసార్లు చెడిపోయిందంట, వెనక బిందెలు కనపడి. చేప గూడా ఈడ కుదరదు. ఆ చేప బదులు ఏం పెట్టినారో నాకు సినిమా వచ్చిందాకా తెలియదు.

షూటింగు అయిపోయినాక మా గేట్‌కీపరు నా రూముకొచ్చి, తలుపు మూసి, నా చేత ఒట్టు వేయించుకున్నాడు.

'అన్నా, హంతకుణ్ని నేనే. ఎవురికీ చెప్పొద్దు. కాగితం మీద సంతకం పెట్టించుకున్నారు.'

'నేనెవురికి చెప్తానప్పా' అన్నాను.

'ఇంకో మాటుండాది. డైరెక్టరు తర్వాత తీసే పిక్చర్లో పోలీసు వేషముండాదంట. సినిమా అంతా మాట్లాడే వేషం. ఈ సినిమాలో మన జిల్లా జనం నన్ను ఒప్పుకుంటే అది నాకే ఇస్తానన్నాడు. ఆయనే వచ్చి మన హాల్లో జనం మధ్యన కూచోని చూస్తాడంట.'

యాభై నాలుగేండ్ల మనిషి, కుర్చీ అంచున కూచోని, రెండు చేతులూ తొడల మధ్యన ఇరికించుకోని చెప్పినాడు. ఆ పోలీసు వేషం ఆయప్పకు ఎంత కావాలో నాకా దినమే తెలిసింది. ఇన్నేండ్లు వేరేవాళ్ళ సినిమాలకు తలుపు తీసి, తలుపు మూసినోడు. ఈ ఒక్కటి దొరికితే బతుకు మారిపోతాది, దొరకకపోతే గేటే.

రిలీజు ఖాయమైనాక స్టాఫంతా కూచోని ఫ్లెక్సీ వేయించాలనుకున్నాము. మా దిక్కున బిడ్డ పుట్టినా ఫ్లెక్సీ, ఎలక్షన్లో గెలిచినా ఫ్లెక్సీ, ఓడిపోతే ఓట్లేసినోళ్ళకు కృతజ్ఞతలని ఇంకా పెద్ద ఫ్లెక్సీ. సొంత మనిషి సినిమాలో పడితే ఊరికే ఉంటామా? మ్యాటరు రాసే పని నాకిచ్చినారు. టౌన్లో నా తెలుగుకు కొంచెం పేరుండాది. పెండ్లి పత్రికలు, సంతాపాలు నా కాడికే వస్తాయి. రెండు దినాలు ఆలోచించి ఇట్ల రాసినాను: 'గేటు నుంచి వెండితెరకు ఎదిగి, హంతకుడి పాత్రలో జీవించిన మా అన్నకు హృదయపూర్వక అభినందనలు. ఇట్లు, టాకీసు సిబ్బంది మరియు మిత్రబృందం.'

పైన ఆయప్ప ఫొటో, కింద మా అందరి ముఖాలు, నాది కొంచెం పెద్దదిగా. 'జీవించిన' అనే మాట బాగా పడిందని పదిసార్లు చదువుకున్నాను. దాని ముందరుండే 'హంతకుడి' అనే మాట నా కంటికి ఆనలేదు. ఆపరేటరు చదివినాడు, క్యాంటీనాయప్ప చదివినాడు. ఓనరు చదివి, తన ఫొటో చిన్నగా పడిందని కోప్పడినాడు. ఒక్కరికీ తట్టలేదు. ఆ ఫ్లెక్సీ కట్టి, దాని పక్కనే కంపెనీవాళ్ళు పంపిన పోస్టరు గూడా నేనే దగ్గరుండి అంటించినాను. దాని మీద ఏముండాదంటే, 'దయచేసి హంతకుడెవరో ఎవరికీ చెప్పకండి.'

శుక్రవారం మార్నింగ్ షోకు మొదట వచ్చింది రిటైరైన హెడ్‌మాస్టరు ఒకాయన. ఆ నవల తొమ్మిదిసార్లు చదివినోడు. టికెట్టు తీసుకోకుండా నేరుగా నా రూముకొచ్చినాడు.

'నవల చదివినోళ్ళం మేమే నోరు మూసుకోని వచ్చినామయ్యా. మీరేంది, హంతకుడికి ముందరే అభినందనలు చెప్పేసినారు?'

ఆయన ఏమంటాండాడో అర్థమయ్యేదానికి నాకు కొంత సేపు పట్టింది. అర్థమైనాక కుర్చీలోనుంచి లేసి పరిగెత్తినాను. బయటికి పోయి చూస్తే జనం ఫ్లెక్సీ ముందర నిలబడి ఫొటోలు దిగుతాండారు. మా గేట్‌కీపరు దాని కిందనే, మెడలో మూడు దండలతో, చేతులు జోడించి నిలబడినాడు. ఫ్లెక్సీ విప్పమని చెప్పేదానికి నాకు నోరు రాలేదు. 'హంతకుడి' అనే మాట మీద ఒక తెల్లకాగితం అంటించమన్నాను. అది ఇంకా పెద్ద తప్పైంది. అంతవరకూ చదవనోళ్ళు గూడా దాని కింద ఏముందో అని గోటితో గీకి చూసినారు.

సినిమా మొదలైంది. మావాడు తెర మీదికి గొడుగు పట్టుకోని వచ్చినాడో లేదో, 'వచ్చినాడు రా హంతకుడు' అని విజిళ్ళు, కాగితాల ముక్కలు. ఇంకా హత్యే జరగలేదు. హీరోయిన్‌కు టీ ఇస్తే 'తాగొద్దమ్మా' అని ఆడోళ్ళు అరిచినారు. డిటెక్టివు పాపం ఒక్కొక్కరినే పిలిచి అనుమానంగా చూస్తాంటే, 'యాడ తిరుగుతావు సార్, బయటికొచ్చి ఫ్లెక్సీ చూడు' అని బాల్కనీలోనుంచి సలహా. ఆ డిటెక్టివు టీ తాగుతా మర్యాదగా ప్రశ్నలడిగేది ఎవురికీ నచ్చలేదు. నాలుగు తగిలిస్తే ఇంటర్వెల్లుకే ఇంటికి పోవచ్చు గదా అన్నారు. ఒక లీడరు బాల్కనీ మెట్లు దిగుతా నా భుజం మీద చెయ్యేసి, 'ఒక ముసలోణ్ని చంపేదానికి ఇంత ఆలోచననా? మన సీమ పరువు తీసినారప్పా' అన్నాడు. మా యాస మాట్లాడాలని హీరోయిన్ బాగా కష్టపడింది. ప్రతి మాట చివర 'అప్పా' తగిలించింది. వాళ్ళమ్మను గూడా అప్పా అనే పిలిచింది.

హత్య చూసి ఒక్కరూ ఉలికిపడలేదు. వాన చూసి ఉలికిపడినారు. తెర నిండా అంత వాన పడతాంటే హాలంతా మాట లేకుండా చూసింది. ఇంటర్వెల్లులో ఒక రైతు నా కాడికొచ్చి, 'ఆ వాన ఏ మండలంలో సార్, ఏ నెల్లో?' అనడిగినాడు. ట్యాంకర్లతో కురిపించినారని చెప్పినాను. 'ట్యాంకర్లకు నీళ్ళు యాడివి?' అన్నాడు. హెడ్‌మాస్టరుగారు మాత్రం గోడకానుకోని, గోదారి పోయింది, చేప పోయింది, ఏడుగురిలో ఇద్దరు పోయినారు, పాటలు మాత్రం మూడొచ్చినాయి అని వేళ్ళు మడిచి చెప్తాండాడు.

చేప బదులు ఏమొచ్చిందో ఆ పొద్దే చూసినాము. వానలో అందురూ వసారాలో కూచోనుంటే పనామె వేయించిన శెనక్కాయలు తెస్తాది. మావాడు చెయ్యి చాపి, 'రోంత బుడ్డలు పెట్టమ్మా' అంటాడు. అంతే. చివర డిటెక్టివు టోపీ సర్దుకోని దాన్నే పట్టుకుంటాడు. 'ఈ జిల్లా మట్టిలో పుట్టినవాడు శెనక్కాయలు అంటాడు. బుడ్డలు అనడు. నువ్వు ఈ జిల్లావాడివి కావు.'

మా టౌను జనం చప్పట్లు కొట్టినారు. నిజమే గదా, మా దిక్కున బుడ్డలని ఎవురంటారు? నేనూ కొట్టినాను. మా ఇంట్లో గూడా శెనక్కాయలే. జనం బాగా ఒప్పుకున్నారు, మావాడికి పోలీసు వేషం వచ్చినట్టే అని సంబరంగా గేటు కాడికి పోతే, ఆయప్ప ముఖంలో నెత్తురు లేదు.

'అన్నా, రేపు మ్యాట్నీకి మా ఊరోళ్ళు రెండు టెంపోల్లో వస్తాండారు. మా అమ్మ గూడా.'

'రానీ, మంచిదే గదప్పా.'

'మా ఊర్లో బుడ్డలనే అంటారన్నా. మేమే గాదు, ఆ పక్క ఊర్లన్నీ అంతే. డైరెక్టరు గూడా రేపటి మ్యాట్నీకే వస్తాండాడు.'

నేను ఏమీ కాదులే అన్నాను. మేనేజర్లు అనే మాట అది.

శనివారం టెంపోలొచ్చినాయి. వాళ్ళమ్మకు ఎనభై దాటింటాయి, చేతికర్ర లేకుండా దిగింది. ఫ్లెక్సీ ముందర నిలబడి, పక్కనున్న మనవరాలి చేత చదివించుకునింది.

'హంతకుడంటే ఏందే?'

'చంపేటోడవ్వా.'

'ఎవుర్ని చంపినాడు?'

'జమీందారునంట.'

'వాడేం చేసినాడో' అని లోపలికి పోయింది.

డైరెక్టరు ఎవురికీ కనపడకుండా వెనక వరసలో కూచున్నాడు. నేను తలుపు కాడ, మావాడు పరదా పక్కన నిలబడినాము. 'రోంత బుడ్డలు పెట్టమ్మా' అనే మాట తెర మీద వినపడంగానే ఆ ఊరోళ్ళు లేసి విజిళ్ళు కొట్టినారు. ముసలోళ్ళు ఒకరినొకరు చూసుకోని నవ్వినారు. సినిమాలో వాళ్ళ ఇంటి మాట వినడం వాళ్ళకదే మొదటిసారి. ఇన్నేండ్లలో అంత సంతోషం మా హాల్లో నేను చూడలేదు. మావాడు మాత్రం పరదా గట్టిగా పట్టుకోనుండాడు, ఎందుకంటే ఆ మాటకు ఏం కాబోతాందో ఆయప్పకు తెలుసు.

చివర డిటెక్టివు ఆ మాట అన్నాడు. మల్ల ముందర వరసలోనుంచి ఒకాయన, 'ఏమి, ఏమి?' అన్నాడు.

'బుడ్డలంటే ఈ జిల్లా కాదంటాండాడు' అన్నాడు ఇంకొకాయన.

'అట్లయితే మనమంతా యాడ పుట్టినాము?'

మా టౌనోళ్ళు ఊరుకోవచ్చు గదా. ఊరుకోలేదు. 'సరిగ్గానే చెప్పినాడు, శెనక్కాయలనే అనాల' అన్నారు.

'మీరనుకోండి. మేము వద్దన్నామా? మమ్మల్ని జిల్లాలో లేకుండా చేస్తే ఎట్లప్పా?'

అంతే, హాలు రెండైపోయింది. తెర మీద డిటెక్టివు గుట్టంతా విప్పి చెప్తాండాడు, వినేటోడు లేడు. ఏ ఊరి కాడ బుడ్డలు అయిపోయి శెనక్కాయలు మొదలైతాయో వరసల మధ్యన నిలబడి హద్దులు గీస్తాండారు. ఉరవకొండ యా పక్క అని పెద్ద గొడవ. అప్పుడు వాళ్ళమ్మ ముందర కుర్చీ పట్టుకోని లేసింది. ఆయమ్మ గొంతు వింటే కొడుక్కు ఆ గొంతు యాడిదో తెలిసింది.

'ఓ టోపీ ఆయప్పా' అని తెరను పిలిచింది. 'వాణ్ని కన్నది నేను. బుడ్డలు పీకే కాలంలో, చేన్లోనే నొప్పులొచ్చినాయి. వాడీడ పుట్టలేదని నీకెవురు చెప్పినారు?'

హాలంతా నిమ్మళించింది. మల్ల రెండు పక్కలోళ్ళూ చప్పట్లు కొట్టినారు. నాకు నవ్వూ వచ్చింది, కండ్లల్లో నీళ్ళూ వచ్చినాయి. మావాడు పరదా వెనక్కి పోయి నిలబడినాడు.

షో అయినాక డైరెక్టరు నా రూములో కూచున్నాడు. మా గేట్‌కీపరును పిలిపించి అడిగినాడు. 'వేరుశనక్కాయల్ని మీవైపు ఏమంటారని నేను మిమ్మల్నే అడిగానుగా. మీ ఊళ్ళో నిజంగానే ఇలా అంటారని చెప్పలేదేమండీ?'

'చెప్పినాను సార్. బుడ్డలంటామని చెప్పినాను. కంబదూరోళ్ళు శెనక్కాయలన్నారని మీరు అప్పటికే రాసుకోనున్నారు. నాది కర్ణాటక అనుకోని, ఇది బయటోడి మాట, దొరికింది అని గంతేసినారు. కాదు సార్, మాదీ ఈ జిల్లానే అంటే కథ చెడిపోతాది, వేషం ఇంకొకరికి పోతాది అని...' అని ఆగిపోయినాడు.

డైరెక్టరు కుర్చీ ముందరికి జరుపుకున్నాడు. 'తప్పు నాదండీ. సరిచేస్తాను' అన్నాడు. లేసి పోతా మావాడి చెయ్యి పట్టుకున్నాడు. 'జనం మిమ్మల్ని ఒప్పుకున్నారు. నా కళ్ళతో చూశాను. పోలీసు వేషం మీదే.' ఫ్లెక్సీ గురించి ఒక్క మాట గూడా అనలేదు. మంచి మనిషి, అది చెప్పకపోతే పాపం.

ఈడికి ఆగిపోయింటే ఇది నవ్వుకునే కథే. సోమవారం నాకు డైరెక్టరు ఫోను చేసినాడు. మావాడు డ్యూటీలో ఫోను ఎత్తడు గదా. 'బుధవారం ఆయన్ని హైదరాబాదు పంపండి. ఒక్క మాట డబ్బింగ్ చెప్పాలి. బుడ్డలు బదులు పల్లీలు. రెండింటికీ పెదవులు ఒకేలా కలుస్తాయి, చూసేవాళ్ళకు తెలీదు. డిటెక్టివ్ మాట కూడా మారుస్తున్నాం. పల్లీలని మీ జిల్లాలో ఎవరూ అనరు కదా?'

ఎవురూ అనరు. బుడ్డలోళ్ళూ అనరు, శెనక్కాయలోళ్ళూ అనరు. ఇంతకంటే చక్కగా ఎవురు సర్దుతారు? బుద్ధున్నోడైతే సరే సార్ అనాల. కానీ శనివారం నుంచి నా తలకాయలో వేడి దిగలేదు. ఆ రెండు దినాలూ టీ అంగడి కాడ నేనే పెద్దమనిషిని. పుట్టినప్పటినుంచి శెనక్కాయలన్నోణ్ని, బుడ్డల తరఫున ఉపన్యాసాలిచ్చినాను. మన మాట, మన మట్టి, బయటోళ్ళ పెత్తనం అని. విన్నోళ్ళు ఔనన్నారు. నాకది బాగుండింది.

అదే ఊపులో మా గేట్‌కీపరును పిలిచి ఎత్తుకున్నాను. 'మీ అమ్మ అందరి ముందర లేసి నిలబడింది. మీ ఊరోళ్ళు వాళ్ళ మాట వినపడిందని విజిళ్ళు కొట్టినారు. నువ్వే పోయి ఆ మాట తీసేసి పల్లీలంటావా? ఏమప్పా, మానం లేదా?'

'ఒక్క మాటే గదన్నా.'

'ఈ పొద్దు ఒక్క మాట. రేపు ఇంకోటి అడుగుతారు.'

ఆయప్ప నేల చూసుకుంటా నిలబడినాడు. 'ఆ పోలీసు వేషం...' అన్నాడు.

'ఇచ్చినమాట ఎట్ల తప్పుతాడు? నీ గొంతు కావాలన్నది ఆయనే గదా' అన్నాను.

ఇరవై ఏండ్లు నేను సంతకం చేసిన చీటీ చూసి మనుషులను లోపలికి పంపినోడు. నా మాట కాదనే అలవాటు ఆయప్పకు లేదు. 'నువ్వెట్ల చెప్తే అట్లేన్నా' అని పోయినాడు. నేను డైరెక్టరుకు ఫోను చేసి, ఆయప్ప రానంటాండాడు సార్ అన్నాను. ఆయన అడిగినాడు, 'అది ఆయన మాటేనాండీ?' అని. ఆయప్ప మాటే సార్ అన్నాను. నా ఉద్యోగంలో నేను చెప్పిన అబద్ధాల్లో పెద్దది అదే. చెప్పేటప్పుడు అబద్ధం మాదిరి గూడా అనిపించలేదు.

రెండో శుక్రవారం కంపెనీ నుంచి కొత్త సౌండు వచ్చింది. పాతది తీసేసి దీన్నే వేయమన్నారు. మార్నింగ్ షో మొదలైన కొంతసేపటికి ఆపరేటరు దిగొచ్చి, 'సార్, ఒకసారి లోపలికి రాండి' అన్నాడు. పోయినాను. తెర మీద మా గేట్‌కీపరు గొడుగు మడుస్తా మాట్లాడతాండాడు. ముఖం ఆయప్పదే, గొంతు ఆయప్పది కాదు. ఎవుడో మెత్తగా, నున్నగా, ప్రతి అక్షరం పలికి మాట్లాడతాండాడు. పల్లీలు అనే మాట ఒక్కటే గాదు, మొదటినుంచి చివరిదాకా అంతే. కంపెనీకి ఫోను చేసి అడిగితే చెప్పినారు. ఒక్క మాట వేరే గొంతుతో పెడితే అతుకు తెలిసిపోతాదంట, అందుకని పాత్ర మొత్తానికి ఇంకొకరి చేత చెప్పించినారంట.

జనం మొదట నవ్వినారు. 'ఏమైందప్పా ఈయప్పకు, వార్తలు చదువుతాండాడు' అన్నారు. కొంచెం సేపటికి అలవాటు పడిపోయినారు. అది నాకు నవ్వు కంటే ఎక్కువ నొప్పి. డిటెక్టివు, 'ఈ జిల్లాలో పుట్టినవాడెవడూ పల్లీలు అనడు' అంటే హాలంతా ఒకే పక్కై చప్పట్లు కొట్టింది. హెడ్‌మాస్టరుగారు గూడా ఇప్పుడు నవలకు న్యాయం జరిగిందన్నాడు.

వాళ్ళమ్మ ఆ వారమంతా కొడుకింట్లోనే ఉండి, ఇంకోసారి చూడాలని వచ్చింది. ఈసారి లేసి నిలబడలేదు. బయటికొస్తాంటే నేనే పలకరించినాను, ఏమవ్వా, ఈసారి టోపీ ఆయప్పను ఏమీ అనలేదే అని.

'ఏమంటా? ఈసారి సరిగ్గానే పట్టినాడు. ముఖం మావానిదే గానీ, లోపల ఉండేది ఎవుడో బయటోడు' అనింది. ఎగతాళి గూడా లేదు ఆ మాటలో.

పోలీసు వేషం గురించి మల్ల ఫోను రాలేదు. నేను రెండుసార్లు చేస్తే 'చూద్దామండీ' అన్నారు. డైరెక్టరును తప్పు పట్టను. ఒక్క మాటకు రానన్న మనిషిని నమ్మి సినిమా అంతా యాడ పెడతాడు? మీరు ఫోన్లల్లో మన యాస, మన మాట అని కొట్లాడతాంటారే, కొట్లాడండి, నాకూ ఇష్టమే. మీ నోటితో కొట్లాడండి. నేను ఇంకొకరి నోరు పెట్టి కొట్లాడినాను, నా పదవికేం కాలేదు, నా టీ అంగడికేం కాలేదు.

ఆ సినిమా మా హాల్లోనుంచి ఎత్తేసిన దినం మా గేట్‌కీపరును రూముకు పిలిచి, రానన్నావని చెప్పింది నేనే, ఆయన అడిగితే గూడా నీ మాటేనన్నాను అని ఒప్పుకున్నాను. తిడతాడనుకున్నాను. తిట్టింటే బాగుండు.

'తెలుసన్నా' అన్నాడు. ఎప్పుడూ లేనంత మెల్లగా అన్నాడు. 'ఆ ఒక్క మాట నేనే పోయి మార్చి చెప్పింటే, మిగిలిన మాటలన్నీ నావే ఉండేటివి.'